గృహాలేఖ్యమున దోషనిదానము

ఇల్లు కట్టదలచిన గృహస్థుడు తన మనస్సులోని గదులను, వసారాను, వంటింటి కిటికీని కట్టకముందే కాగితముపై చూచుకొనగోరుట క్రొత్త కోరిక కాదు. ఆ కోరికను తీర్చు సాధనములు మాత్రము ఒక తరములోనే సమూలముగా మారిపోయినవి. టీ-స్క్వేరు, సెట్‌స్క్వేర్లు, ఇండియన్ ఇంకు, ట్రేసింగు కాగితము, అమోనియా ప్రింట్ల ఘాటైన వాసన, ఇవన్నియు డ్రాఫ్ట్స్‌మన్ గదిని విడిచి వెడలిపోగా, వాని స్థానమున ఒక కంప్యూటరును, అందులో ఆటోక్యాడ్ గాని, స్కెచ్‌అప్ గాని, రెవిట్ గాని, వెల చెల్లింపకయే లభించు స్వీట్ హోమ్ 3డి గాని వచ్చి కూర్చున్నవి. పాత పనిముట్లతో జరిగిన తప్పు కంటికి కనబడుచుండెను: సిరా ఒలికినచో మరక మిగులును, చేయి వణికినచో గీత వంకరపోవును. క్రొత్త సాధనముతో జరుగు తప్పు అట్లు బయటపడదు. తెరపై నాలుగు గోడలును చక్కగా కలిసియున్నట్లే కనబడును. గదిలో రంగు నింపుమన్నచో యంత్రము నిరాకరించును. గది వైశాల్యమెంతయని అడిగినచో సున్న యనును. ముద్రించి చూచినచో ఒక గోడ మాయమై యుండును. తెలుగున వ్రాసిన గదుల పేర్లు ప్రశ్నార్థకముల వరుసలుగా మారియుండును. ఇట్టి వింతలను చూచిన నూతనాభ్యాసి యంత్రము చెడినదని తలచి, దానిని ఆపి మరల ప్రారంభించును. ఆ ఉపాయము పెక్కుసార్లు నిష్ఫలమగును, ఏలయన చెడినది యంత్రము కాదు.

ఈ వైపరీత్యముల మూలమును గ్రహింపవలెనన్నచో, తెరపై మనకు కనబడు బొమ్మ వేరనియు, ఫైలులో నిక్షిప్తమైయున్న వస్తువు వేరనియు ముందుగా మనస్సున నిలుపుకొనవలెను. ఫైలులో గోడ లేదు, గుమ్మము లేదు, గీత సైతము లేదు, ఉన్నవన్నియు సంఖ్యలే. సరళరేఖ యనగా దాని ఆదిబిందువునకు మూడు సంఖ్యలు, అంత్యబిందువునకు మూడు సంఖ్యలు, అది ఏ లేయరునకు, అనగా ఏ పొరకు, చెందినదియు ఏ వర్ణమున చూపవలసినదియు తెలుపు మరికొన్ని గుర్తులు, అంతియే. మనము మౌసును కదల్చినప్పుడెల్ల యంత్రము ఆ పట్టికను చదివి అప్పటికప్పుడు క్రొత్త బొమ్మను వేసి చూపుచుండును. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు ఐవన్ సదర్లాండ్ అను యువకుడు తన డాక్టరేటు పరిశోధనగా సమర్పించిన స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామునందే ఈ భేదము స్పష్టముగా వెల్లడియైనది. టీఎక్స్-2 అను యంత్రపు తెరపై కాంతిలేఖినితో ఆతడు కొన్ని గీతలను అడ్డదిడ్డముగా గీసి, ఇవి పరస్పరము లంబములు కావలెనని ఆదేశించినచో, అవి తమంతట తాము సర్దుకొని దీర్ఘచతురస్రమగుచుండెను. కాగితముపై గీసిన గీత అట్టి ఆజ్ఞను వినుట అంతకుముందెవ్వరును ఎరుగరు. 1982 నవంబరులో లాస్ వేగాస్ నగరమున జరిగిన కంప్యూటర్ల ప్రదర్శనలో ఆటోక్యాడ్ ప్రత్యక్షమై ఈ విద్యను బల్లపై నిలుచు చిన్న యంత్రములకు దించినది. అప్పటినుండి నేటివరకును గృహాలేఖ్యమున కలుగు చిక్కులలో అధికభాగము, కన్ను చూచు బొమ్మకును యంత్రము చదువు సంఖ్యకును నడుమనున్న ఎడమునందే పుట్టుచున్నవి.

అన్నిటికన్న తరచుగా తటస్థించునది కొలతల తగవు. ఫైలులోని సంఖ్య కేవలము సంఖ్య. 1980 అని వ్రాసియున్నచో అది 1980 మిల్లీమీటర్లో, అంగుళములో చెప్పు గుర్తు వేరుగా మరియొక చోట నుండును, లేదా అసలే యుండదు. మిల్లీమీటర్లలో గీసిన మంచమొకటి 1980 పొడవుగలదై యుండగా, దానిని తెచ్చి అంగుళములలో గీసిన ఇంటిలో చొప్పించినచో, యంత్రము దానిని 1980 అంగుళములుగా, అనగా 165 అడుగులుగా గ్రహించును. మంచము పడకగదిని, ఇంటిని, వీధిని దాటి పొరుగు పేటలో కాలు మోపును. ఇదియే తారుమారైనచో, 78 అంగుళముల మంచము 78 మిల్లీమీటర్లకు కుదించుకొనిపోయి గదిలో ఎక్కడనున్నదో కానరాకుండును, అంతట ఆ నూతనాభ్యాసి అది చొప్పింపబడలేదనుకొని మరల మరల చొప్పించి, ఒకే చుక్కపై పది మంచములను పేర్చును. ఈ రెంటి నడుమనుండు నిష్పత్తి ఎల్లప్పుడును 25.4, 1959లో ఆంగ్లభాషావ్యవహారముగల ఆరు దేశములు అంగుళము సరిగా 25.4 మిల్లీమీటర్లని ఒడంబడిక చేసికొన్న నాటినుండి ఈ సంఖ్యలో దశాంశమాత్రము భేదమును లేదు. కావున వస్తువు ఇరువదియైదు రెట్లు పెద్దదిగానో చిన్నదిగానో వచ్చినచో వేరొక కారణమును వెదుకనక్కరలేదు. కంటికి సరిపోవువరకు దానిని సాగదీయుట మాత్రము చేయరాదు. ముందుగా మూడడుగుల తలుపునొకదానిని కొలిచి చూడవలెను: 36 అని వచ్చినచో అంగుళములు, 914.4 అని వచ్చినచో మిల్లీమీటర్లు, 0.9144 అని వచ్చినచో మీటర్లు. పిమ్మట తగిన గుణకముచే గుణించినచో చాలును.

మన ప్రాంతమున ఈ తగవు ద్విగుణమగుటకు కారణము లేకపోలేదు. 1956 నాటి తూనికలు కొలతల శాసనముతో మెట్రిక్ పద్ధతి దేశమునకు వచ్చినను, ఇంటిగది అడుగులను విడువలేదు, ఇంటిస్థలము గజములను విడువలేదు, పొలము సెంట్లను, గుంటలను విడువలేదు. ఇనుపకడ్డీ మాత్రము మిల్లీమీటర్లలో కొనబడును. రెండువందల గజముల స్థలమనగా 1800 చదరపుటడుగులు, సుమారు 167 చదరపు మీటర్లు, సెంటు 48.4 గజములు, గుంట 121 గజములు. ఇవన్నియు మేస్త్రికి కంఠస్థములే. కాని యంత్రమునకు మేస్త్రి పలుకుబడి తెలియదు. పది అడుగుల ఆరంగుళముల గదిని మనవారు "పది ఆరు" అందురు, చీటీపై 10.6 అని వ్రాయుదురు. ఆ చీటీని చూచి అట్లే టైపు చేసినచో, యంత్రము దానిని దశాంశముగా గ్రహించి పది అడుగుల 7.2 అంగుళములు చేయును. ఒకటింపాతిక అంగుళము కూడ లేని ఈ భేదమును ఎవ్వరును గమనింపరు. పది అడుగుల పదకొండంగుళములను 10.11 అని వ్రాసినప్పుడు మాత్రము గది పది అడుగుల ఒకటింపావు అంగుళమునకు దిగజారి, ఇంచుమించు తొమ్మిది ముప్పావు అంగుళములు నష్టపోవును. పదకొండంగుళముల గది ఆరంగుళముల గదికన్న చిన్నదగు ఈ విచిత్రమును చూచి యంత్రమును నిందించినవారు పెక్కురు. అడుగునకు ఒక గుర్తును, అంగుళమునకు రెండు గుర్తులును పెట్టి టైపు చేయుట, యూనిట్ల పట్టికలో ఆర్కిటెక్చరల్ పద్ధతిని ఎన్నుకొనుట దీనికి ప్రతిక్రియ. ఈ ప్రతిక్రియ తెలిసియు చీటీపై చుక్క పెట్టు అలవాటును మానినవారు అరుదు.

ఇట్టి కొలతల సంకరము నుండియే రెండవ జాతి దోషములు పుట్టుచున్నవి. విషయబాహుళ్యమును బట్టి ఇచ్చట కొంత తడవు నిలువవలెను. బయటి గోడను ఒకరు తొమ్మిదంగుళములని గీయుదురు, అనగా 228.6 మిల్లీమీటర్లు. అదే గోడను వేరొకరు మెట్రిక్ వాడుక ననుసరించి 230 మిల్లీమీటర్లని గీయుదురు. ఇరువురిదియు ఒప్పే, కట్టుబడిలో ఈ 1.4 మిల్లీమీటర్ల తేడా సిమెంటు పూతలో కలిసిపోవును. కాని ఇరువురి గీతలును ఒకే ఆలేఖ్యమున కలిసినచోట మూల మూసికొనదు. ఆ సందు కంటికి కనబడునా? అరువది అడుగుల ఇంటిని తెర నిండుగ చూపినప్పుడు, తెర అడ్డముగా 1920 చుక్కలు గలదైనచో, ఒక్కొక్క చుక్క సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల స్థలమునకు ప్రతినిధి యగును, 1.4 మిల్లీమీటర్ల సందు అందు ఏడవ వంతు మాత్రమే. ఎంతటి సూక్ష్మదృష్టి గలవాడైనను ఒక చుక్కలో ఏడవ వంతును చూడలేడు, ఏలయన అది అచ్చట చిత్రింపబడనే లేదు. యంత్రము బొమ్మను చూడదు, సంఖ్యలను పోల్చును, 228.6 వేరు, 230 వేరు. గదిలో ఇటుకల నమూనాను నింపుమని హ్యాచ్ ఆజ్ఞ ఇచ్చినప్పుడు, గట్టునకు గండిపడిన మడిలో నీరు నిలువనట్లు, నింపుట ఆ సందునుండి వెలికిపోవును. అందుచే హద్దు మూసియుండలేదని యంత్రము విన్నవించుకొనును. కొన్ని ప్రోగ్రాములు సందున్నచోట ఎర్రని వలయములను చూపి ఉపకారము చేయును. ఇంతవరకు సందును ఉపేక్షింపవచ్చునని ఒక పరిమితిని మనమే నిర్ణయించు సౌకర్యమును ఆటోక్యాడులో గలదు. నా మట్టుకు ఆ సౌకర్యము ఇష్టము లేదు. అది రోగమును కప్పిపుచ్చును. రేపు ఆ హద్దునే మరియొక ప్రోగ్రామునకు పంపినప్పుడు అదే సందు మరల తెరచుకొనును.

సందులు పుట్టకుండ చేయు ఉపాయమునకు ఆబ్జెక్ట్ స్నాప్ అని పేరు. గీత కొనను మరియొక గీత కొనపై కంటి అంచనాతో నొక్కరాదు. స్నాప్ నిలిపియున్నచో యంత్రమే దగ్గరలోనున్న కొనను పట్టుకొని, దాని సంఖ్యలను ఉన్నవున్నట్లుగా క్రొత్త గీతకు ఇచ్చును. అప్పుడు రెండు కొనలును "దగ్గరగా" నుండుట గాక ఒక్కటే యగును. స్కెచ్‌అప్ ఈ విషయమున మరియొక విధముగా ప్రవర్తించును: అంగుళములో వేయవ వంతుకన్న సమీపముగానున్న రెండు బిందువులను అది ఒకే బిందువుగా తలచి కలిపివేయును. ఇంటి గోడలకు ఇది మేలే. కాని తలుపు పిడి, కిటికీ చువ్వల చెక్కడము వంటి సూక్ష్మ వస్తువులను యథాప్రమాణమున గీయబూనినచో చిన్న చిన్న అంచులు ఒకదానిలో నొకటి లీనమై, తలములు ఏర్పడక, చిల్లులు మిగులును. ఆ వస్తువును వేయి రెట్లు పెంచి గీసి, ముగిసిన పిమ్మట మరల వేయవ వంతునకు తగ్గించుట అనుభవజ్ఞులు పాటించు మార్గము.

హద్దు మూసికొనుటపై ఇంత శ్రద్ధ యేలయన్న ప్రశ్నకు వైశాల్యగణితము సమాధానము చెప్పును. బహుభుజి వైశాల్యమును కనుగొనుటకు యంత్రము గదిని ముక్కలు చేసి కొలువదు. మూలల సంఖ్యలను వరుసగా తీసికొని, ప్రతి మూల అడ్డపు సంఖ్యను తరువాతి మూల నిలువు సంఖ్యచే గుణించి, దానినుండి విపర్యయ గుణనమును తీసివేసి, అన్నిటిని కూడి సగము చేయును. భూమిని సర్వే చేయువారికి చిరపరిచితమైన ఈ సూత్రము పదునెనిమిదవ శతాబ్దినాటిది. పదేసి అడుగుల చదరపు గదికి మూలలను చుట్టువరుసలో ఇచ్చినచో నూరు చదరపుటడుగులు సరిగా వచ్చును. చివరి రెండు మూలల వరుసను తారుమారు చేసి చూడుడు: అంచులు నడుమ ఒకదాని నొకటి ఖండించుకొని, హద్దు ఎదురెదురుగా కొనలు కలిసిన రెండు త్రిభుజములగును, వానిలో ఒకటి ధనముగను, రెండవది ఋణముగను లెక్కకు వచ్చి, మొత్తము సున్న యగును. గది వైశాల్యము సున్నయని యంత్రము పలికినప్పుడు అది పరిహాసము కాదు, సూత్రము చెప్పిన శుద్ధసత్యము. హద్దు మూయకుండ విడిచినచో మరియొక ప్రమాదము గలదు: ఆటోక్యాడులో వైశాల్యమును అడిగినప్పుడు, అది మొదటి కొనను చివరి కొనతో ఊహారేఖచే కలిపి, ఏదో ఒక సంఖ్యను చెప్పి ఊరకుండును, ఆ ఊహారేఖ పోయిన దారి మనము తలచిన దారి కాకపోవచ్చును.

ఇది పండితుల వినోదమని తోసివేయుటకు వీలులేదు. నేడు తెలుగు రాష్ట్రములు రెండింటను పురపాలక సంఘములకు సమర్పించు గృహాలేఖ్యములను తొలుత కంప్యూటరే పరిశీలించుచున్నది. స్థలపు హద్దు, కట్టడపు ఆవరణ, అంతస్తుల వైశాల్యము, మెట్లు, ఖాళీగా విడువవలసిన సెట్‌బ్యాక్, ఒక్కొక్కదానిని నిర్ణీతమైన లేయరులో, మూసిన పాలీలైనుగా, అనగా తెగని ఒకే గీతల గొలుసుగా, గీయవలెను; గీయనిచో పరిశీలక యంత్రమునకు ఆ ఇల్లు లేనట్లే. మానవుడైన అధికారి గీతల నడుమ సందును చూచియు చూడనట్లు పోవును, బొమ్మను బట్టి భావమును గ్రహించును. యంత్రము భావమును గ్రహింపదు. అందుచే తిరస్కృతమై తిరిగివచ్చిన ఆలేఖ్యమును చేతబట్టుకొని నియమావళిని తిరుగవేయుటకు ముందు, ప్రతి హద్దును ఎన్నుకొని దాని లక్షణముల పట్టికలో "క్లోజ్డ్" అను చోట "ఎస్" అని యున్నదో లేదో చూచుట మేలు. ఒకే గీతపై మరియొక గీత పడియున్నదేమో కూడ చూడవలెను. జంటగీతలను ఏరివేయుటకు ఓవర్‌కిల్ అను ఆజ్ఞ గలదు, దాని పేరు భయంకరమైనను పని సాధువైనది.

ఇక మూడవ జాతి దోషము కొంచెము గూఢమైనది. సర్వేయరు ఇచ్చిన స్థలపటమును తెచ్చి దానిపై ఇల్లు గీయ నారంభించిన కొద్దిసేపటికే, గీతలు వణకుటయు, వృత్తములు పళ్లు పళ్లుగా కనబడుటయు, తెరను జరిపినప్పుడు గోడలు ఎగిరెగిరి పడుటయు సంభవించును. దీనికి కారణము ఆ స్థలము భూగోళమున ఉన్నచోటనే ఉండుట! సర్వేయర్లు వాడు యూటీఎమ్ అను నిరూపకపద్ధతిలో ఉత్తరదిశాసంఖ్యను భూమధ్యరేఖనుండి మీటర్లలో కొలుతురు; హైదరాబాదు నగరమునకు ఆ సంఖ్య ఇంచుమించు 19 లక్షల 24 వేలు. ఇంటి మూలకు అంత పెద్ద సంఖ్య తగిలించియుండును. యంత్రము సంఖ్యలను ద్విసంఖ్యామానమున, పరిమితమైన స్థానములలో నిలుపుకొనవలసియుండుటచే, పెద్ద సంఖ్యను నిలిపినకొలది సూక్ష్మాంశమునకు తావు తగ్గును. ఈ లెక్కలకు 1985లో ఏర్పడిన ఐఈఈఈ 754 అను ప్రమాణము రెండు ముఖ్యరూపములను నిర్దేశించినది: ఒకటి 32 బిట్లది, రెండవది 64 బిట్లది. 64 బిట్ల రూపము పదునైదు పదునారు అంకెలవరకు నమ్మదగినది. హైదరాబాదు సంఖ్యతో సైతము దాని తప్పు మీటరులో వందకోట్ల వంతుకన్న తక్కువ. 32 బిట్ల రూపమున నమ్మదగిన అంకెలు ఏడు మాత్రమే. పది లక్షల నలుబదియెనిమిది వేలకును ఇరువది లక్షల తొంబదియేడు వేలకును నడుమనున్న సంఖ్యలలో అది మీటరున ఎనిమిదవ వంతు, అనగా పన్నెండున్నర సెంటీమీటర్ల మెట్లు మెట్లుగా మాత్రమే నడువగలదు. మన అర్ధ ఇటుక గోడ మందము పదునొకటిన్నర సెంటీమీటర్లు. చూడుడు: ఒక మెట్టులో గోడ పూర్తిగా మునిగిపోవును!

ఫైలులోని సంఖ్యలు 64 బిట్లవియే యైనను, తెరపై బొమ్మవేయు గ్రాఫిక్స్ కార్డు వేగము కొరకు సాధారణముగా 32 బిట్ల సంఖ్యలతోనే పనిచేయును. అందుచే ఆలేఖ్యము చెడకయే బొమ్మ చెడును. ఈ సందర్భమున దోషమెచ్చటనున్నదో తెలిసికొనుటకు ఒక పరీక్ష గలదు: అదే ఆలేఖ్యమును ఒక నకలులో మూలబిందువు చెంతకు, అనగా సున్న, సున్న యున్న చోటికి, జరిపి చూడవలెను. వణకు ఆగినచో కార్డును, డ్రైవరును, విక్రేతను నిందింపనక్కరలేదు. ఇంటిని మూలబిందువు దగ్గరనే గీసికొని, స్థలము నిజముగా ఎచ్చటనున్నదో ఒక మూలకు మాత్రము వేరుగా గుర్తు పెట్టుకొనుట శ్రేష్ఠము. రెవిట్ వంటివి ఇందుకు ప్రత్యేకమైన ఏర్పాటునే కలిగియున్నవి. కొన్నిసార్లు విపరీతముగా, ఇల్లు మూలబిందువు చెంతనే యుండియు, ఎవరి చేయియో జారి పడిన చుక్క యొకటి కొన్ని వందల కిలోమీటర్ల దూరమున మిగిలియుండును. అప్పుడు మొత్తము ఆలేఖ్యమును చూపుమన్నచో తెర శూన్యముగా కనబడి, ఇల్లు సూదిమొనయంతయై ఒక మూల నణగియుండును. అన్నిటిని ఎన్నుకొని, ఇంటిని ఎన్నిక నుండి తప్పించి, మిగిలినదానిని తొలగించినచో ఆ చుక్క పోవును.

వణకుట వేరు, మిణుకుట వేరు. త్రిపరిమాణ చిత్రమున గచ్చుపై పరచిన టైల్సు, గచ్చు రెండును ఒకే తలమునందున్నప్పుడు, కోణము మార్చినకొలది ఒకసారి టైల్సు, ఒకసారి గచ్చు చారలు చారలుగా పైకి తేలుచుండును. తెరపై ప్రతి చుక్కకును అచ్చట కనబడు వస్తువు ఎంత దూరమున నున్నదో ఒక సంఖ్యను వ్రాసికొని, రెండవ వస్తువు వచ్చినప్పుడు ఏది దగ్గరదో పోల్చి నిర్ణయించుట యంత్రపు పద్ధతి. 1974లో ఎడ్విన్ క్యాట్మల్ తన పరిశోధనలో వర్ణించిన ఈ పద్ధతి నేటికిని ప్రతి గ్రాఫిక్స్ కార్డులో నడచుచున్నది. రెండు దూరములును సమానమైనప్పుడు గెలుపు అతిసూక్ష్మమైన లెక్కతప్పు చేతిలోనికి పోవును. టైల్సును రెండు మూడు మిల్లీమీటర్లు పైకెత్తుట, లేదా క్రింది తలమును తీసివేయుట చాలును.

వృత్తముల విషయము ముచ్చటైనది. స్కెచ్‌అప్ గీయు వృత్తము, మనము వేరుగా కోరనిచో, 24 భుజముల బహుభుజి. ఒక మీటరు వ్యాసార్ధముగల గుండ్రని బాల్కనీని అట్లు గీసినచో, భుజము నడిమి భాగము నిజమైన వృత్తము కన్న ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు లోపలికి జరుగును. వైశాల్యమున నూటికి ఒకటి కన్న కొంచెము ఎక్కువ తగ్గును. ఆర్కిమెడీసు 96 భుజముల బహుభుజితో పై (π) విలువను బంధించెను. ఆ మహనీయుని ఓర్పులో నాలుగవ వంతుతో ఈ ప్రోగ్రాము తృప్తిపడుచున్నది. ఆటోక్యాడులో ఇట్లు కాదు: అచ్చట వృత్తమనగా కేంద్రము, వ్యాసార్ధము మాత్రమే; కోణములుగా కనబడినను అది తెరకొరకు వేసిన బొమ్మలోని లోపమే, రీజెన్ ఆజ్ఞతో తొలగును. ఒకే లక్షణము రెండు ప్రోగ్రాములలో రెండు వేర్వేరు మూలములు కలిగియుండుటకు ఇది చక్కని ఉదాహరణము. మొదటిదానిలో వైశాల్యమే తప్పు, రెండవదానిలో చూపు మాత్రమే తప్పు.

ముద్రణకు వచ్చునప్పటికి చిక్కులు తేలికపడును, కాని ఖర్చు పెరుగును. అరువది అడుగుల ఇంటిని 1:50 నిష్పత్తిలో వేసినచో కాగితముపై 366 మిల్లీమీటర్లు పట్టును. 420 మిల్లీమీటర్ల ఏ3 కాగితమున అది హాయిగా ఇముడును. కాని ముద్రణపు పట్టికలో "కాగితమునకు సరిపోవునట్లు" అను గడిలో టిక్కు మిగిలియున్నచో యంత్రము నిష్పత్తిని విస్మరించి, అందమునకు పెద్దది చేయును. ఏ3 బొమ్మను ఏ4 కాగితముపై కుదించి తీసినచో 1:50 కాస్తా ఇంచుమించు 1:71 అగును, ఏలయన ఈ కాగితముల భుజములు వరుసగా రెండింటి వర్గమూలము చొప్పున తగ్గుచుండును. మూలన 1:50 అను అక్షరములు మాత్రము మారక నిలిచియుండును. మేస్త్రి స్కేలుబద్ద పెట్టి కొలిచినచో పదడుగుల గది ఏడడుగులై తేలును. తెరపై నుండి కాగితముపై లేని గోడ సంగతి వేరు: ఆటోక్యాడు తానే సృష్టించుకొను డెఫ్‌పాయింట్స్ అను లేయరు ఎన్నడును ముద్రణకు రాదు, పొరపాటున ఆ లేయరులో గోడ గీసినవారి గోడయు రాదు.

తెలుగు అక్షరముల బాధ మనకు ప్రత్యేకమైనది. ఆటోక్యాడు వెంటవచ్చు ఎస్‌హెచ్‌ఎక్స్ అక్షరరూపములు ప్లాటరు కలము గీయుటకై గీతలతో కూర్చినవి. వానిలో తెలుగు లేదు, అందుచే ప్రశ్నార్థకములు. గౌతమి, నిర్మల వంటి యూనికోడ్ ఫాంటును టెక్స్ట్ స్టైలునకు కేటాయించినచో అవి పోవును. కాని కొన్ని చిన్న ప్రోగ్రాములలో మరియొక వికారము మిగులును. "స్నానపుగది" యందలి మొదటి అక్షరము మనకు ఒక్కటి. ఫైలులో అది నాలుగు సంకేతములు: సకారము, హలంతచిహ్నము, నకారము, దీర్ఘము. వీనిని కలిపి ఒత్తును క్రిందికి దించి చూపు విద్య ఫాంటులో కొంతయు, ప్రోగ్రాములో కొంతయు నుండవలెను. ప్రోగ్రామునకు ఆ విద్య రానిచో అక్షరములు విడివిడిగా నిలుచును. పూర్వపు డీటీపీ ఫాంట్లతో వ్రాసిన ఆలేఖ్యమైనచో, ఆ ఫాంటు లేని యంత్రమున తెలుగు స్థానమున అర్థములేని రోమన్ అక్షరముల గుంపు ప్రత్యక్షమగును. దానిని యూనికోడ్‌నకు మార్చి తీరవలెను. ఇతరులకు పంపునప్పుడు పీడీఎఫ్‌గా పంపుట క్షేమము.

కడపట, ఫైలే తెరచుకొనని సందర్భము. ఆటోక్యాడు ప్రతి నిల్వకును ముందటి ప్రతిని బీఏకే అను తోకతో విడిచిపెట్టును. ఆ తోకను డీడబ్ల్యూజీగా మార్చినచో నిన్నటి ఇల్లు లభించును. మధ్యమధ్య తానుగా నిల్వచేసికొను ప్రతి తాత్కాలిక ఫోల్డరులో నుండును, దానిని వెదకుట మరువరాదు. రికవర్ అను ఆజ్ఞ చెడిన పట్టికలో చదువదగినంత చదివి మిగిలినదానిని విడిచిపెట్టును. ఆడిట్ అను ఆజ్ఞ తెరచిన ఫైలులోని పొందికలేని సంఖ్యలను సరిచేయును. పర్జ్ వాడని లేయర్లను, బ్లాకులను ఊడ్చివేయును. ఇవన్నియు చేసినను ఫైలు మందకొడిగా నడచుచున్నచో, లేదా ఒకానొక చోట తాకగానే ప్రోగ్రాము కూలిపోవుచున్నచో, దోషి యగు వస్తువును పట్టుకొనుటకు సగపాటు పద్ధతిని మించినది లేదు. ఫైలునకు నకలు తీసి, అందులోని వస్తువులలో సగమును తొలగించి చూడవలెను. బాధ పోయినచో దోషి తొలగించిన సగములో నున్నాడు, పోనిచో మిగిలిన సగములో. ఆ సగమును మరల సగము చేయవలెను. నాలుగు వేల వస్తువులున్న ఆలేఖ్యమున, దోషి ఒక్కడే యైనచో, పండ్రెండు సగపాట్లలో చేతికి చిక్కును, ఏలయన రెండును పండ్రెండుసార్లు గుణించినచో 4096 అగును. నూతనాభ్యాసులు దీనికి ఓర్పులేక వస్తువులను ఒక్కొక్కటిగా తీసి చూచి సాయంకాలమునకు అలసిపోవుదురు. ఇట్లు పట్టుబడు దోషి తరచుగా గోడయు కాదు, దూలమును కాదు. ఎచ్చటినుండియో ఉచితముగా దింపుకొన్న సోఫా. దాని దిండ్ల కుట్లు, కాళ్ల మరలు సైతము వేలకొలది తలములుగా చెక్కబడియుండును. దానిని తీసివేసి, ఆరడుగుల దీర్ఘచతురస్రమునొకదానిని గీసి, నడుమ "సోఫా" అని వ్రాసినచో ఇల్లు తేలికగా కదలును.